క్లారినెట్‌కు మౌత్‌పీస్ ఎలా ఎంచుకోవాలి: బరాత్‌లో మోగాలి, అప్పగింతల్లో పలకాలి

"అన్నా, గట్టిగ మోగే మౌత్‌పీస్ ఏదన్న ఉంటె చెప్పు."

మాఘమాసం లగ్గాలు దగ్గర పడుతున్నాయంటే నాకు ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి. మిర్యాలగూడ నుంచి ఒకరు, దేవరకొండ నుంచి ఒకరు, వనపర్తి అవతలి నుంచి ఇంకొకరు. అందరికీ కావాల్సింది చప్పుడే. వాళ్లను తప్పు పట్టను. ఒకవైపు డప్పులు, ఇంకోవైపు ట్రాలీ మీద కీబోర్డు, మనిషంత స్పీకర్లు. ఆ హోరులో మన క్లారినెట్ ఎవరికి వినపడాలి?

నేనూ కొత్తలో అదే అడిగాను. హైదరాబాద్‌లో ఒక దుకాణానికి పోయి, ఉన్నవాటిలో మూతి బాగా తెరుచుకున్న మౌత్‌పీస్ కొన్నాను. బరాత్‌లో దుమ్ము లేపింది. తెల్లారి అప్పగింతలు. పిల్ల తల్లిని పట్టుకుని ఏడుస్తోంది, నేను మెల్లగా కింది స్వరం ఎత్తుకోవాలి. ముందు బుస్సుమని గాలి, ఆ తర్వాత బాతు అరిచినట్టు ఒక కీచు. ఏడ్చేవాళ్లు కూడా తలెత్తి చూశారు. మా బ్యాండ్ నడిపే పెదనాయిన అక్కడ ఏమీ అనలేదు. వ్యాన్ ఎక్కాక మాత్రం అన్నాడు: "బిడ్డా, గట్టిగ ఊదితె నీళ్ల పైపు గూడ మోగుతది. మెల్లగ ఊదినప్పుడు పలకాలె."

ఇప్పుడు నేను మౌత్‌పీస్ ఎంచడమంటే ఆ మాటను పట్టుకునే ఎంచుతాను. మీరు బ్యాండ్‌లో వాయించినా, గుళ్లో సేవకు వాయించినా, స్కూల్ బ్యాండ్‌లో పిల్లలకు నేర్పినా పద్ధతి ఇదే.

ముందు, తప్పు మౌత్‌పీస్‌దేనా అని చూసుకోండి

నా దగ్గరికి "మౌత్‌పీస్ పోయింది" అని వచ్చినవాళ్లలో చాలామందికి పోయింది రీడు, అంటే మౌత్‌పీస్ మీద బిగించే సన్నని బద్ద. నెలల తరబడి ఒకే రీడు మీద లాగుతారు. అది నల్లబడి, కొన అలలు తేలి ఉంటుంది. కాబట్టి మొదట ఒక కొత్త రీడు వేసి చూడండి. అప్పుడూ పలకకపోతే గొట్టాన్ని చూడండి.

క్లారినెట్ పై భాగం విడదీసి, ఎడమచేతి వేళ్లతో బెజ్జాలన్నీ మూయండి. అడుగున కుడి అరచేయి అడ్డం పెట్టి, పైనుంచి నోటితో గాలి లాగండి. లాగిన గాలి రెండు మూడు సెకన్లు నిలబడాలి. నిలబడకుండా జారిపోతుంటే ఎక్కడో ప్యాడ్, అంటే కీ కింద బెజ్జాన్ని మూసే మెత్తటి బిళ్ల, సరిగా మూయడం లేదు. కింది భాగానికీ ఇలాగే చేయండి. ప్యాడ్ కారుతుంటే ప్రపంచంలో ఏ మౌత్‌పీస్ పెట్టినా కింది స్వరాలు రావు. ముందు రిపేరు చేయించండి. ఆ ఖర్చు మౌత్‌పీస్ ఖర్చులో చిన్న వంతు కూడా ఉండదు.

ఇవి రెండూ బాగుండి కూడా స్వరం గొంతులో పట్టుకున్నట్టు వస్తుంటే అప్పుడు మౌత్‌పీస్ గురించి ఆలోచించాలి. చవక క్లారినెట్లతో వచ్చే మౌత్‌పీస్ చాలావరకు సెట్టు పూర్తి చేయడానికి పెట్టిందే. గొట్టం అలాగే ఉంచి అదొక్కటి మార్చినా సగం క్లారినెట్ మారినట్టు ఉంటుంది.

మూతిలో ఏం జరుగుతుంది

రీడు కొనకూ మౌత్‌పీస్ కొనకూ మధ్య సన్నని సందు ఉంటుంది, సుమారు ఒక మిల్లీమీటరు. మీరు ఊదితే రీడు ఆ సందును మూస్తూ తెరుస్తూ కొట్టుకుంటుంది. బీ ఫ్లాట్ క్లారినెట్‌లో అన్ని బెజ్జాలూ, కీలూ మూసి అట్టడుగు స్వరం పలికిస్తే రీడు సెకనుకు దాదాపు 147 సార్లు కొట్టుకుంటుంది. పై స్వరాల్లో వందలు దాటి వేలల్లోకి పోతుంది. అంత వేగంగా కొట్టుకునే రీడుకు కూర్చోవడానికి చదునైన పీట, వంగడానికి సమమైన వంపు కావాలి. మౌత్‌పీస్ మంచిదా చెడ్డదా అనేది ప్రధానంగా ఈ రెండింటి మీదే తేలుతుంది. పైన మెరుపు, బంగారు రంగు గీత, పెట్టె అందం ఇవేవీ పలకవు.

రెండు కొలతలు అర్థం చేసుకోండి

ఒకటి, మూతి సందు. కంపెనీలు దీన్ని మిల్లీమీటర్లలో ఇస్తాయి. యమహాలో అంకె ఒకటి పెరిగితే సందు 0.05 మిల్లీమీటరు పెరుగుతుంది: 3సీ అంటే 1.00, 4సీ అంటే 1.05, 5సీ అంటే 1.10. ఫ్రాన్స్ కంపెనీ వాండోరెన్ పేర్లలో అలాంటి లెక్క దొరకదు. 5ఆర్‌వీ 1.065, 5ఆర్‌వీ లైర్ 1.09, బీడీ5 1.13, ఎం30 1.15, బీ45 1.195. జాజ్ వాళ్ల కోసం చేసిన 7జేబీ అయితే ఏకంగా 1.41.

రెండోది, వంపు పొడవు. పీట మీద రీడు ఎక్కడిదాకా ఆనుకుని, ఎక్కడినుంచి విడిపోతుందో అక్కడినుంచి కొనదాకా ఉన్న దూరం ఇది. అంకెలు తెలియకపోయినా ఇంట్లోనే కనుక్కోవచ్చు. రీడు బిగించాక పలుచని కాగితం ముక్కను పక్కనుంచి రీడుకూ మౌత్‌పీస్‌కూ మధ్య దూర్చి, మెల్లగా కిందికి జరపండి. ఎక్కడ ఆగిందో అక్కడ బొటనవేలి గోరు పెట్టండి. సుమారుగా అదే వంపు మొదలు. ఇంకో లాభం కూడా ఉంది. మీ కింది పెదవి ఇంచుమించు అక్కడే ఉండాలి. మన దగ్గర చాలామంది కొన మాత్రమే నోట్లో పెట్టుకుని "సౌండు లేదు" అంటారు. ఈ కాగితం పరీక్ష చేసి రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి పెట్టుకున్నాక, కొత్త మౌత్‌పీస్ కొనే పని తప్పినవాళ్లు నాకు తెలుసు.

సందు తక్కువైతే స్వరం తొందరగా అందుకుంటుంది, శ్రుతి నిలకడగా ఉంటుంది, కాని పెదవితో స్వరాన్ని వంచడం కష్టం. సందు ఎక్కువైతే జారుడు, గమకం, సినిమా పాటలో పాడినట్టు లాగడం బాగా వస్తాయి. గాలి మాత్రం ఎక్కువ కావాలి. మూడు గంటల బరాత్ అయ్యేసరికి పెదవి చచ్చుబడుతుంది. వంపు పొడవు పెరిగేకొద్దీ కాస్త గట్టి రీడు పడుతుంది, తగ్గితే మెత్తటిది పడుతుంది.

కర్ణాటక సంగీతంలో క్లారినెట్‌ను కచేరీ స్థాయికి తెచ్చినవాళ్లలో ఏ.కె.సి. నటరాజన్‌ది పెద్ద పేరు. 2008లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. ఆయన రికార్డింగులు వింటే స్వరం మెట్ల మీద నడిచినట్టు కాకుండా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి జారుతుంది. అలా వాయించాలన్న కోరిక ఉంటే మరీ ఇరుకు మూతి తీసుకోకండి. పెదవికి ఆడే చోటు ఉండాలి.

ఇక నా సలహా. నేర్చుకునేవాళ్లకు 1.00 నుంచి 1.10 మధ్య. యమహా 4సీ లాంటిది మొదటి మౌత్‌పీస్‌గా పెట్టుకుంటే ఏడాది రెండేళ్లు కళ్లు మూసుకుని వాయించవచ్చు. పెళ్లిళ్లకు తిరిగే బ్యాండ్ వాళ్లకు 1.09 నుంచి 1.15 మధ్య. బీ45 పేరు ఎక్కువగా వినపడుతుంది, మంచిదే. కాని అది కొత్త పెదవికి కాదు. రోజూ గంట సాధన ఉన్నవాడికి పనికొస్తుంది. 1.20 దాటినవి మీరు అడగకండి, దుకాణం వాడు చూపించినా మురిసిపోకండి.

రీడు లేకుండా మౌత్‌పీస్‌ను ఎంచలేరు

ఇవి రెండూ జోడెద్దులు. మూతి సందు ఎక్కువ ఉన్నదానికి మెత్తటి రీడు, తక్కువ ఉన్నదానికి గట్టి రీడు. నేను అప్పగింతల్లో భంగపడ్డ రోజు తప్పంతా మౌత్‌పీస్‌ది కాదని తర్వాత తెలిసింది. రీడు నంబరు పెరిగేకొద్దీ గట్టిది. అంత తెరిచిన మూతికి 3 నంబరు రీడు వేసుకుని కూర్చున్నాను. మెల్లగా ఊదితే ఆ చెక్క కదలదు, గాలి పక్కనుంచి పోతుంది.

5ఆర్‌వీ లైర్ లాంటిదానికి 2½ నుంచి 3½ దాకా చూడవచ్చు. బీ45కు 2 నుంచి మొదలుపెట్టి 2½, 3 దాకా పోండి. అయితే అన్ని కంపెనీల అంకెలూ ఒకటి కావు. వాండోరెన్ నీలం పెట్టెలోని 2½, రికో నారింజ పెట్టెలోని 3కు దగ్గరగా ఉంటుంది. "మా దోస్తు 3 వాయిస్తడు, నేను గూడ 3 తెచ్చుకున్న" అంటే, ఏ పెట్టెలోది, ఏ మౌత్‌పీస్ మీద అని అడగాలి. పెద్ద నంబరు వాయిస్తే పెద్ద కళాకారుడు అని ఒక పిచ్చి మన బ్యాండుల్లో ఉంది. దాన్ని నమ్మి పెదవి లోపల పళ్లగాట్లు పడేదాకా ఊదినవాళ్లను చూశాను.

దేంతో చేసింది తీసుకోవాలి

ప్లాస్టిక్, ఎబొనైట్, గాజు. ఈ మూడే మీకు కనిపిస్తాయి. ఎబొనైట్ అంటే గంధకంతో కాచి గట్టిపరిచిన రబ్బరు. పేరున్న మౌత్‌పీస్‌లు చాలావరకు దీంతోనే చేస్తారు, వంపును చక్కగా చెక్కడానికి వీలైన సరుకు. నిజం చెప్పాలంటే స్వరంలో తేడా సరుకు కంటే చెక్కడంలో ఎక్కువ. బాగా చెక్కిన ప్లాస్టిక్, అడ్డదిడ్డంగా చెక్కిన ఎబొనైట్ కంటే నయం. యమహా 4సీ ప్లాస్టిక్‌దే.

ఎబొనైట్‌కు ఎండ పడదు. వెలుతురులో పడి ఉంటే నలుపు పోయి పచ్చగా, గోధుమరంగుగా మారుతుంది, అగ్గిపుల్ల వాసన లాంటిది వస్తుంది. వేడికి వంపు కూడా కదులుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు రంగు మారి ఉంటే అది ఎండలోనో వేడినీళ్లలోనో పడిందని లెక్క. ధర బాగా తగ్గిస్తే, ఊది చూసి పలికితే తీసుకోండి. లేకపోతే వద్దు.

దుకాణానికి పోయేటప్పుడు

నల్లగొండ నుంచి అయినా మహబూబ్‌నగర్ నుంచి అయినా హైదరాబాద్ వంద కిలోమీటర్ల దూరం. ఒకసారి పోయి చూసుకుని రావాలి, మళ్లీ మళ్లీ తిరిగే పని కాదు. కాబట్టి సంచి సర్దుకోండి. మీ సొంత క్లారినెట్ తప్పనిసరి. దుకాణంలో ఉన్న మంచి క్లారినెట్ మీద ఊదితే ఏదైనా బాగానే వినపడుతుంది. మీ పాత మౌత్‌పీస్, మీ లిగేచర్ (రీడును బిగించే పట్టీ), 2, 2½, 3 నంబర్లలో కాస్త వాడి మెత్తబడ్డ రీడులు, చిన్న భూతద్దం, ఫోన్‌లో ట్యూనర్ యాప్. వీటన్నింటికంటే ముఖ్యం, వాయించడం తెలిసిన ఒక మనిషి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి పంపే వీలుందో లేదో ముందే చదవండి. నోట్లో పెట్టుకున్న వస్తువని కొందరు వాపసు తీసుకోరు. ఇంకో సంగతి, పేరున్న మోడళ్లకు నకళ్లు ఉంటాయి. ధర మరీ సగానికి సగం ఉంటే అనుమానించండి.

మౌత్‌పీస్ కిందుండే పొట్టి గొట్టం ముక్కను బ్యారెల్ అంటారు. అందులో కూర్చుంటుందో లేదో మొట్టమొదట చూడండి. మన దగ్గర ఇంకా పాత పద్ధతి గొట్టాలు, మీరట్ నుంచి వచ్చిన గొట్టాలు తిరుగుతున్నాయి. వాటి బ్యారెల్ కొలత కొత్త మౌత్‌పీస్‌కు కుదరకపోవచ్చు. కాస్త వదులైతే మౌత్‌పీస్ అడుగున చుట్టిన కార్కు మార్పిస్తే సరిపోతుంది. బిగుతైతే బలవంతంగా తోయకండి, బ్యారెల్ చీలుతుంది. రిపేరు తెలిసినవాడు కార్కును సన్నగా రుద్ది సరిచేస్తాడు.

కళ్లతో చూడటం

మౌత్‌పీస్‌ను వెలుతురుకు ఎత్తి, కొనను ఎదురుగా పెట్టుకుని చూడండి. రీడు కప్పే తెరిచిన భాగాన్ని కిటికీ అంటారు, దానికి రెండు పక్కల ఉన్న అంచులు ఒకే వెడల్పు ఉండాలి. కొన అంచు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే మందంలో, తెగని గీతలా ఉండాలి. భూతద్దంలో చూస్తే చిన్న పెచ్చు లేచినా కనపడుతుంది. గోరంత పెచ్చు చాలు కీచు రావడానికి. కొన అంచు సన్నగా ఉంటే స్వరం చురుగ్గా అందుకుంటుంది, మందంగా ఉంటే కాస్త నెమ్మదిగా, మెత్తగా వస్తుంది.

కొన లోపలివైపు వాలును బాఫిల్ అంటారు. అది ఎత్తుగా ఉంటే స్వరం పదునుగా, ముందుకు దూసుకొస్తుంది. లోతుగా ఉంటే గుండ్రంగా, చీకటిగా ఉంటుంది. బరాత్‌లో వినపడాలంటే మూతి తెరిచిన మౌత్‌పీస్ వెతకడం కంటే, బాఫిల్ కాస్త ఎత్తుగా ఉన్నది చూసుకోవడం మేలు. పెదవి అలవకుండానే స్వరం జనాన్ని దాటుతుంది. నాకు ఈ సంగతి తెలిసేసరికి చాలా పెళ్లి సీజన్లు గడిచిపోయాయి.

రీడు పీటను సమంగా ఉన్న గాజుపలక మీద పెట్టి చూడమని కొందరు చెబుతారు. ఊగకూడదన్నది నిజమే. కాని నడుమ వెంట్రుకవాసి సందు కనిపిస్తే కంగారు పడకండి. కొందరు తయారీదార్లు కావాలనే నడుమ కొద్దిగా లోతు ఉంచుతారు.

రీడు బిగించి, పాప్ పరీక్ష

రీడును నోట్లో ఒకటి రెండు నిమిషాలు తడపండి. మౌత్‌పీస్ మీద పెట్టి, ఎదురుగా చూస్తే రీడు కొన పైన నల్లటి అంచు వెంట్రుకంత మాత్రమే కనిపించాలి. రీడు పక్కలకు సమంగా ఉండాలి. లిగేచర్ కింది మర నిండుగా, పై మర ఇంకొంచెం వదులుగా బిగించండి. పిడికిలి బిగించినట్టు బిగిస్తే రీడు ఊపిరాడక చస్తుంది.

ఇప్పుడు మౌత్‌పీస్ ఒక్కటే చేతిలో పట్టుకుని అడుగు రంధ్రాన్ని అరచేత్తో మూసి, కొన వైపు నుంచి గాలి గట్టిగా లాగి నోరు తీసేయండి. రీడు ఒక సెకనో రెండో అతుక్కుని ఉండి, "టప్" మని విడిపోవాలి. వెంటనే విడిపోతే రీడుకూ అంచులకూ మధ్య గాలి కారుతోంది. మూడు రీడులతో చేయండి. మూడూ కారితే మౌత్‌పీస్‌ది తప్పు, ఒకటే కారితే ఆ రీడుది తప్పు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఇది మరచిపోవద్దు.

తర్వాత బ్యారెల్ తగిలించి ఈ రెండింటినే ఊదండి. మామూలుగా ఊదితే ఎఫ్ షార్ప్, అంటే మన లెక్కలో నాలుగున్నర శ్రుతి, దాని చుట్టుపక్కల పలకాలి. బాగా కిందికి పోతుంటే రీడు మరీ మెత్తన లేదా మీ పెదవి వదులు. పైకి పోతుంటే కొరుకుతున్నారు.

ఊది చూడటం: ఇక్కడ తొందరపడకండి

దుకాణంలో అందరూ చేసే తప్పు, కొత్త మౌత్‌పీస్ పెట్టగానే బాగా వచ్చిన పాట ఎత్తుకోవడం. వేళ్లకు అలవాటైన పాట ఏ మౌత్‌పీస్ మీదైనా బాగానే వస్తుంది. లోపాలను కప్పేస్తుంది. పాట చివర్లో.

మొదట అన్ని బెజ్జాలూ మూసి అట్టడుగు స్వరం. ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా, నాలుక తగిలించకుండా గాలితోనే మొదలుపెట్టండి. గాలి బుస్సు ముందు వచ్చి స్వరం తర్వాత వస్తే రీడు మార్చి చూడండి. రెండో రీడుతోనూ అంతే అయితే ఆ మౌత్‌పీస్ పక్కన పెట్టేయండి. ఎంత పేరున్నదైనా సరే. అప్పగింతల పరీక్షలో అది తప్పింది.

పలికితే, అదే స్వరాన్ని మెల్లగా మొదలుపెట్టి నిండుగా పెంచి, మళ్లీ సన్నగా చేసి ఆపండి. నడుమ స్వరం రంగు మారకూడదు, శ్రుతి జారకూడదు. గట్టిగా ఊదినప్పుడు స్వరం చీలిపోయి పగిలిన కుండలా మోగితే మూతికి రీడు చాలడం లేదు, కొంచెం గట్టి రీడు వేసి మళ్లీ చూడండి.

తర్వాత దూకుడు. ఎడమ బొటనవేలితో వెనకాల ఉన్న రిజిస్టర్ కీ నొక్కండి. పెదవి, గాలి ఏమీ మార్చకండి. స్వరం పన్నెండో మెట్టుకు దూకాలి. కింద స ఉంటే పైస్థాయి ప పలుకుతుందన్నమాట. క్లారినెట్ గుణమే అది. వేణువులా పై స కు పోదు. ఈ దూకుడు తడబడకుండా, గుర్రుమనకుండా వస్తే మౌత్‌పీస్‌లో జవాబు ఉంది. పది స్వరాల మీద ఇలా చేయండి. ఆ తర్వాత వేళ్లన్నీ తెరిచి ఉన్న నడుమ స్వరాల నుంచి, అన్నీ మూసి పలికే పై స్వరాలకు దాటే చోటు చూడండి. అక్కడ మంచి వాయిద్యగాడికి కూడా గుటక పడుతుంది. అక్కడ సాఫీగా దాటిస్తే మౌత్‌పీస్‌కు సగం మార్కులు వేసేయవచ్చు.

నాలుకతో "తు తు తు తు" అని వేగంగా, మెల్లగా కొట్టండి. ప్రతి దెబ్బా వెంటనే పలకాలి. ఆఖరికి పై పై స్వరాలు. అక్కడ సన్నబడితే పరవాలేదు, కీచు రాకూడదు.

ఇదంతా అయ్యాక మీ దోస్తును దుకాణం ఆ చివరకు, వీలైతే బయట మెట్ల దగ్గరకు పంపండి. ఇప్పుడు వాయించండి. మనకు వినపడే స్వరంలో చాలా భాగం పై పళ్ల నుంచి ఎముకల గుండా చెవికి వస్తుంది. అందుకే మనకు "అబ్బ, ఏం సౌండు!" అనిపించింది ఇరవై అడుగుల దూరంలో పలుచగా ఉండవచ్చు. మనకు మెత్తగా అనిపించింది అక్కడ నిండుగా వినపడవచ్చు. పెళ్లిలో వినేవాళ్లందరూ ఆ దూరంలోనే ఉంటారు. మీ దోస్తుకు ఏ మౌత్‌పీస్ వాయిస్తున్నారో చెప్పకండి. ఒకటి, రెండు, మూడు అని వరుస మాత్రం చెప్పి, అతను మెచ్చినదాన్ని రాసుకోండి. వరుస మార్చి మళ్లీ వాయించండి. రెండుసార్లూ ఒకటే మెచ్చితే దాన్ని కొనవచ్చు.

ఇప్పుడు మీ పాట వాయించుకోండి.

శ్రుతి సంగతి

వాండోరెన్ మామూలు మౌత్‌పీస్‌లు 442 శ్రుతి లెక్కన, అంటే 'ఏ' స్వరానికి సెకనుకు 442 కంపనాల లెక్కన చేసినవి. కీబోర్డులు 440 దగ్గర ఉంటాయి. తేడా 8 సెంట్ల లోపే (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు), బ్యారెల్ కాస్త బయటికి లాగితే సరిపోతుంది. అయినా కీబోర్డుతో ఎప్పుడూ కొట్లాటే అవుతుంటే "13 సిరీస్" అని రాసి ఉన్నవి అడగండి, అవి 440 కోసం చేసినవి.

ఏసీ దుకాణంలో ట్యూనర్ చూసి నిర్ణయించకండి. వేడికి క్లారినెట్ శ్రుతి పైకి పోతుంది, చలికి కిందికి దిగుతుంది. కీబోర్డు మాత్రం ఎక్కడ ఉన్నా అక్కడే. ఏసీలో సరిగ్గా ఉన్నది మే నెలలో నల్లగొండ గడియారం సెంటర్‌లో మధ్యాహ్నం రెండింటికి పైకి ఎగబాకుతుంది. అందుకని దుకాణంలో బ్యారెల్ పూర్తిగా లోపలికి తోస్తేగాని శ్రుతి అందని మౌత్‌పీస్ కంటే, కొంచెం పైకి పలికేది తీసుకోవడమే మంచిది. పైకి ఉన్నదాన్ని లాగి దించవచ్చు. కిందికి ఉన్నదాన్ని ఎక్కించడానికి దారి లేదు.

ఇంటికి తెచ్చాక

మొదటి వారం రోజుకు అరగంట కంటే ఎక్కువ వాయించకండి, పెదవి కొత్త వాలుకు అలవాటు పడాలి. మౌత్‌పీస్ ముక్కు, అంటే నోట్లో పెట్టుకునే కొస, దాని వాలు పాతదానికంటే వేరుగా ఉంటే రెండు రోజులు ఇబ్బందిగా ఉంటుంది. "ప్రొఫైల్ 88" అని ఉన్నవాటి ముక్కు వేరే వాలులో ఉంటుంది, కొందరికి హాయిగా ఉంటుంది, కొందరికి దవడ నొస్తుంది. పై పళ్లు ఆనే చోట చిన్న రబ్బరు ప్యాచ్ అంటించండి. పళ్లు జారవు, మౌత్‌పీస్ మీద గాట్లు పడవు.

కొత్త మౌత్‌పీస్‌తో నేరుగా పెళ్లికి పోకండి. నేను పోయాను కాబట్టి చెబుతున్నాను.

కడగడం విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక మాట. నల్లగొండ బోరు నీళ్ల సంగతి మీకు నేను చెప్పాలా. బిందెకు పట్టే తెల్ల పొర మౌత్‌పీస్‌కూ పడుతుంది. అసలే లాలాజలంలోని సున్నం లోపల గట్టిపడుతుంది, దాని మీద బోరు నీళ్లతో కడిగితే రెండింతలు అవుతుంది. తాగే నీళ్లతో, చల్లటివాటితో కడగండి. వేడినీళ్లు అసలు వద్దు. తెల్లగా గట్టిపడితే వెనిగర్‌లో సగానికి సగం చల్లని నీళ్లు కలిపి, దూదితో అద్ది కొద్ది నిమిషాలు ఉంచి, మెత్తటి గుడ్డతో తుడవండి. చాకు కొనతో గీకితే వంపు పోతుంది. కార్కుకు తడి తగలనివ్వకండి. లోపల తుడిచే గుడ్డను తాడుతో లాగేటప్పుడు కొన అంచుకు రాపిడి కాకుండా చూడండి.

ఒకరి మౌత్‌పీస్ ఒకరు వాయించడం బ్యాండుల్లో మామూలైపోయింది. ఆ అలవాటు మానండి. తప్పనిసరైతే సబ్బు నీళ్లతో కడిగి ఇవ్వండి.

ఎండాకాలం వ్యాన్ డ్యాష్‌బోర్డు మీద, ట్రాలీ మీద క్లారినెట్ పెట్టె వదిలిపెట్టి అన్నానికి పోకండి. మన దగ్గర బయట నలభై దాటితే మూసిన బండిలో ఇంకెంత ఉంటుందో ఊహించండి. రీడులకూ అంతే. పొడిగాలికి కొన అలలు తేలి వంకర పోతుంది. మూడు నాలుగు రీడులు వంతులవారీగా వాడండి. చదునైన పలక ఉన్న పెట్టెలో పెట్టండి. మే నెల ముహూర్తాలకు నేను సింథటిక్ రీడు వాడతాను. కెనడాలో చేసే లెజేర్ లాంటివి తడపకపోయినా పలుకుతాయి. ఒక్కటి కొనడానికి ఒక పెట్టె చెక్క రీడుల ఖర్చు అవుతుంది, కాని మధ్యాహ్నం ఎదుర్కోలులో రీడు ఎండిపోతుందన్న టెన్షన్ ఉండదు. స్వరంలో తడి కొంచెం తక్కువని నా చెవికి అనిపిస్తుంది, అప్పగింతలకు మళ్లీ చెక్క రీడుకే మారతాను.

వంపు తేడాగా ఉందని ఉప్పు కాగితం పట్టుకుని ఇంట్లో రుద్దకండి. వెంట్రుకలో సగం మందం తేడాతో మౌత్‌పీస్ మారిపోతుంది. ఆ పనిని కొలతలు తీసే సామాను ఉన్నవాళ్లు మాత్రమే చేస్తారు.

పాత మౌత్‌పీస్‌ను మాత్రం పారేయకండి. పెట్టెలో ఒక మూల, ఒక మెత్తటి రీడు బిగించి ఉంచండి. కురుమూర్తి జాతరలో తోపులాటలో నా మౌత్‌పీస్ కింద పడి కొన పెచ్చు లేచింది. ఆ రాత్రంతా పదిహేనేళ్ల నాటి ప్లాస్టిక్ ముక్కతోనే వాయించాను. పెదనాయిన పక్కనే ఉన్నాడు, ఏది వాయిస్తున్నానో అడగలేదు.